మాట లేని కౌబాయ్ సినిమాలు, మన చెరువు కట్ట మీద ఛేజ్

740 అడుగుల ఫిల్ము. 35 ఎంఎం ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు ఉంటాయి. ఆ రోజుల్లో కెమెరా తిరిగింది సెకనుకు సుమారు 16 ఫ్రేములు కాబట్టి అడుగు ఫిల్ము ఒక సెకను నడుస్తుంది. మొత్తం 12 నిమిషాల 20 సెకన్లు. 1903 డిసెంబరులో ఎడిసన్ కంపెనీ విడుదల చేసిన ‘ది గ్రేట్ ట్రైన్ రాబరీ’ నిడివి అంతే. తీసినాయన ఎడ్విన్ ఎస్. పోర్టర్. సినిమా మొత్తంలో 14 షాట్లు. కథ పడమటి అమెరికాది, తీసింది మాత్రం తూర్పున, న్యూయార్క్ స్టూడియోలో, న్యూజెర్సీ అడవుల్లో.

వరంగల్, కరీంనగర్, జగిత్యాల చుట్టుపక్కల ఊళ్లలో ఫోను చేతబట్టి షార్ట్ ఫిల్ములు తీస్తున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ముందుగా చూడమని చెప్పాల్సిన సినిమాల్లో ఇదొకటి. ఎవరు ఎక్కడున్నారు, ఎటు పోతున్నారు, వాళ్లిద్దరి మధ్య దూరమెంత అన్న మూడు సంగతులను ఒక్క మాట లేకుండా చెప్పడం కౌబాయ్ మూకీలు పట్టుకున్న విద్య. తర్వాత వచ్చిన దొంగా-పోలీసు కథలు, ఫ్యాక్షన్ కథలు, బస్సు ఛేజులు అన్నీ దాని మీదే నడుస్తున్నాయి. మన దగ్గర తీసే చిన్న సినిమాల్లో ఎక్కువగా దెబ్బతినేది కూడా సరిగ్గా ఇక్కడే. నటన బాగుంటుంది, డైలాగు బాగుంటుంది, ఉరుకులాట మొదలు కాగానే ఎవడు ఎవణ్ని తరుముతున్నాడో తెలియదు.

పోర్టర్ మొదటి షాటునే చూడండి. స్టేషన్లో టెలిగ్రాఫ్ గది. దొంగలు లోపలికి జొరబడి గుమస్తాను బెదిరిస్తుంటారు. వాళ్ల వెనక కిటికీలో రైలు వచ్చి ఆగుతుంది. గది స్టూడియో సెట్టు, రైలు అసలు రైలు. కిటికీ ఉన్నంత మేర కప్పేసి ఒకసారి ఎక్స్‌పోజ్ చేశారు. తర్వాత ఫిల్మును వెనక్కి తిప్పి, కిటికీ మేర మాత్రమే తెరిచి రైలును దాని మీదే ఎక్కించారు. మూడో షాటులో రైలు పెట్టె తలుపులోంచి చెట్లు వెనక్కి పోతుండటమూ ఇదే పద్ధతి. ఆ కిటికీ లేకపోతే ఈ గదికీ రైలుకీ సంబంధం ఏమిటో షాట్ల మధ్య అక్షరాల కార్డు వేసి చెప్పాల్సి వచ్చేది. కిటికీ ఉండటం వల్ల రెండు చోట్లు ఒకే ఫ్రేములో పక్కపక్కన కనబడ్డాయి.

ఈ పని ఇప్పుడు ఫోనులో ఎడిటింగు చేసే కైన్‌మాస్టర్ యాప్‌లో లేయరు (బొమ్మ మీద బొమ్మ), మాస్కు (కావలసిన మేర మాత్రమే కనబడేలా కప్పడం) పెట్టి చేయొచ్చు, కంప్యూటరు ఉంటే డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగు సాఫ్ట్‌వేరు ఉచిత వెర్షన్‌లో ఇంకా శుభ్రంగా వస్తుంది. కుదరకపోవడానికి కారణాలు ఎప్పుడూ ఒకటే రకం. గదిలో కెమెరా ఛాతీ ఎత్తులో పెట్టి, రైలును గట్టు మీద నుంచి కిందికి చూస్తూ తీస్తే కిటికీలో రైలు తేలినట్టు ఉంటుంది. రెండుసార్లూ కెమెరా ఎత్తు, వంపు, లెన్సు ఒకటే ఉండాలి. వెలుగు వచ్చే వైపు కూడా కలవాలి. గదిలో నీడలు ఎడమకు పడుతుంటే బయట కుడికి పడకూడదు. రైలును గదికన్నా కొంచెం ఎక్కువ వెలుతురుతో ఉంచాలి. కన్ను కిటికీ బయట వెలుగు ఎక్కువే ఉంటుందని అనుకుంటుంది, రెండూ సమానంగా ఉంటే గోడకు క్యాలెండరు తగిలించినట్టు అయిపోతుంది.

కాజీపేట జంక్షన్ పక్కనే ఉంది, సికింద్రాబాద్, విజయవాడ, బల్లార్షా లైన్లు కలిసే చోటు, బొగ్గు గూడ్సులకు కొదవ లేదు. అట్లాగని పట్టాల మీదికి దిగొద్దు. 1989 రైల్వే చట్టం 147వ సెక్షను కింద అది నేరం, ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. చట్టం సంగతి అటుంచినా, ఫోను తెర చూస్తున్నవాడికి వెనక నుంచి వచ్చే ఇంజను వినబడదు. రైల్వే స్థలం బయట, రోడ్డు మీద నిలబడి తీసిన రైలు కిటికీ షాటుకు సరిపోతుంది.

మళ్లీ పోర్టర్ దగ్గరికి. ప్రయాణికులను దింపి వరసగా నిలబెట్టిన షాటులో ఒకతను వరస తప్పించుకుని కెమెరా వైపు పరుగెత్తి వస్తాడు. వెనక నుంచి కాలిస్తే దగ్గరికి వచ్చి పడతాడు. అంతవరకు నాటకం స్టేజీ లాగా ఎడమ నుంచి కుడికి నడిచిన బొమ్మకు హఠాత్తుగా లోతు వచ్చింది. దొంగలు ఇంజను దిగి గుట్ట కిందికి జారుతున్నప్పుడు కెమెరా కూడా వాళ్ల వెంట తిరిగి కిందికి వంగుతుంది. అది ఇప్పుడు చూస్తే కుదుపుగా, తడబాటుగా ఉంటుంది. అయినా నేల పల్లం ఎంతో దానివల్లే తెలుస్తుంది. ఇంజను మీద పెనుగులాటలో మనిషిని కిందికి విసిరే చోట కెమెరా ఆపి, మనిషి స్థానంలో బొమ్మను పెట్టి, మళ్లీ తిప్పారు. ఆ కోత ఇప్పటికీ జాగ్రత్తగా చూస్తే గాని దొరకదు. పడబోతున్న కదలిక మధ్యలో కోయడం వల్ల అతుకు దాగింది. మన ఫైటు షాట్లకూ అదే సూత్రం. చెయ్యి పూర్తిగా లేచి ఆగాక కోస్తే తెలిసిపోతుంది, లేస్తుండగా కోస్తే తెలియదు.

దొంగలు డబ్బుతో అడవిలోకి పోయాక సినిమా మళ్లీ టెలిగ్రాఫ్ గదికి వస్తుంది. కట్టేసి పడి ఉన్న గుమస్తాను అతని చిన్న కూతురు వచ్చి చూసి, కట్లు కోసి, నీళ్లు చల్లి లేపుతుంది. కాలం వెనక్కి వెళ్లిందని ఎక్కడా రాయలేదు. ‘అక్కడ అది జరుగుతుండగా ఇక్కడ ఇది’ అని చూసేవాళ్లే అర్థం చేసుకోవాలి. పోర్టర్ ఆ పని ఒక్కసారే చేశాడు, అటూ ఇటూ కోయలేదు. సగటున షాటు 53 సెకన్లు ఉంది. దొంగలు, తరిమేవాళ్లు ఒకే ఫ్రేములో కెమెరా వైపు గుర్రాల మీద వస్తారు కాబట్టి దూరం సంగతి మన కళ్లతోనే తేలిపోతుంది. మొహాలు దాదాపు కనబడవు. కనబడేది ఒక్క షాటులో, జస్టస్ బార్న్స్ అనే నటుడు తిన్నగా మన మీదికి తుపాకీ కాల్చే షాటులో. దాన్ని సినిమా మొదట్లో వేసుకోవచ్చు, చివర్లో వేసుకోవచ్చు, ప్రదర్శకుడి ఇష్టం అని ఎడిసన్ క్యాటలాగులోనే రాశారు. కథలో దానికి చోటు లేదు, చూసేవాడి గుండెలో ఉంది. మన మాస్ సినిమాల్లో హీరో కెమెరాను చూసి వేలు చూపించడం ఆ వంశమే.

ఎనిమిదేళ్లకు డి. డబ్ల్యూ. గ్రిఫిత్ ‘ది లోన్‌డేల్ ఆపరేటర్’ తీశాడు. 1911, ఒకే రీలు. ఇదీ స్టేషన్, టెలిగ్రాఫ్, దొంగల కథే. కానీ ఈసారి షాట్లు వందకు దగ్గర. సగటున పది సెకన్ల చిల్లర. బ్లాంచ్ స్వీట్ వేసిన అమ్మాయి గదిలో ఒంటరిగా ఉంది, దొంగలు తలుపు విరుస్తున్నారు, ఆమె ప్రియుడు ఇంజను తోలుకుని వస్తున్నాడు. గది, తలుపు, ఇంజను. మళ్లీ గది, తలుపు, ఇంజను. ఇంటర్‌కట్ అని మన ఎడిటర్లు రోజూ అనే పనికి ఇంతకన్నా శుభ్రమైన పాఠం దొరకడం కష్టం. అమ్మాయి దీపం ఆర్పేసి, చీకట్లో చేతిలో మెరిసే వస్తువుతో దొంగలను నిలబెడుతుంది. దూరం షాటులో అది పిస్తోలే. సాయం వచ్చాక ఒక క్లోజప్ పడుతుంది, అప్పుడు తెలుస్తుంది అది పానా అని. క్లోజప్‌ను గ్రిఫిత్ అందం కోసమో ఏడుపు కోసమో వాడలేదు, ఒక సమాచారాన్ని అప్పటిదాకా దాచి ఉంచడానికి వాడాడు. క్లోజప్ ముందే వేసి ఉంటే దొంగల భయం మనకు నవ్వులాటగా ఉండేది.

ఇంటర్‌కట్ చేసేటప్పుడు మన పిల్లలు తప్పేది పొడవు దగ్గర. తరిమేవాడికి ఐదు సెకన్లు, పారిపోయేవాడికి ఐదు సెకన్లు, అట్లా చివరిదాకా సమానంగా వేస్తారు. అప్పుడు దూరం తగ్గుతున్నట్టు అనిపించదు, ఒకటే చప్పుడు వింటున్నట్టు ఉంటుంది. మొదట ఒక్కో వైపు ఎనిమిది, పది సెకన్లు ఉంచి స్థలం అర్థం చేయించాలి, తర్వాత ఐదు, మూడు, రెండు, చివరికి సెకనున్నర. సెకను కంటే తగ్గితే ఫోను తెర మీద చూసేవాడికి మొహమే పట్టుబడదు. ఇంకొకటి, రెండు వైపులా ప్రతి షాటులో ఏదో ఒకటి ముందుకు జరగాలి. తలుపు గొళ్లెం ఒకటి ఊడింది, తర్వాత రెండోది, తర్వాత చెక్క పగిలింది. అదే గొళ్లెం మూడుసార్లు ఊగితే మూడో షాటు దండగ.

ఇక దిక్కు. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. గుర్రం ఫ్రేము కుడి నుంచి బయటికి పోతే తర్వాతి షాటులోకి ఎడమ నుంచి రావాలి. తరిమేవాళ్లు కూడా అదే వైపు పోవాలి. ఇద్దరూ ఎదురెదురు వైపుల పోతే చూసేవాడు వాళ్లిద్దరూ ఢీకొంటారని ఎదురుచూస్తాడు. సైన్యం సాయానికి వచ్చే కథల్లో ఈ రెండో సంగతినే కావాలని వాడారు. ఇట్లాంటి లెక్కలన్నీ 1917 నాటికి హాలీవుడ్‌లో స్థిరపడ్డాయని చరిత్రకారులు చెబుతారు, వాటిని గట్టిపరచిన వాటిలో వారం వారం వచ్చిన గుర్రాల సినిమాలది పెద్ద వాటా. ఆ సినిమాలను అమెరికా దాటి కూడా పాఠంగా చదివారు. రష్యాలో కులెషోవ్ అనే దర్శకుడు వేగంగా కోసే పద్ధతికి ‘అమెరికా మాంటాజ్’ అనే పేరు పెట్టుకుని తన శిష్యులకు నేర్పాడు.

చెరువు కట్ట మీద ఛేజ్ తీస్తే దిక్కు ఎందుకు తిరగబడుతుందో చూద్దాం. ధర్మసాగర్ లాంటి కట్ట అనుకోండి. పొద్దున నీళ్ల వైపు మెట్టు మీద కెమెరా పెట్టి తీశారు, బండి కుడికి పోయింది. పది దాటాక ఎండ మొహం మీద కొడుతోందని కట్టకు అవతలి వైపు, పొలాల్లోకి దిగి మిగతా షాట్లు తీశారు. బండి నిజంగా అటే పోతోంది, తెర మీద మాత్రం ఎడమకు పోతుంది. అక్కడున్న ఎవరికీ అనుమానం రాదు, ఎందుకంటే వాళ్లకు కట్ట ఎటు పోతుందో తెలుసు. చూసేవాడికి తెలిసింది ఫ్రేము ఒక్కటే. కెమెరా వైపు మార్చక తప్పదనుకుంటే మధ్యలో బండి తిన్నగా కెమెరా మీదికి వచ్చే షాటు ఒకటి, లేదా తిన్నగా దూరంగా పోయే షాటు ఒకటి వేయాలి. అందులో ఎడమా కుడీ ఉండవు కాబట్టి తర్వాత ఎటు తిప్పినా చెల్లుతుంది. మరో దారి కట్ట మలుపును ఒకే షాటులో చూపించడం, బండి మన కళ్ల ముందే దిక్కు మార్చుకుంటుంది. ఎడిటింగులో బొమ్మను అద్దంలో తిప్పినట్టు తిప్పేస్తే సరిపోతుందని కొందరు చేస్తారు. బండి నంబరు ప్లేటు, చొక్కా గుండీల వైపు, దారిలో షాపు బోర్డు అన్నీ తిరగబడి కూర్చుంటాయి.

ఫ్రేము ఇన్, ఫ్రేము అవుట్ దగ్గర ఒక చిన్న క్రమశిక్షణ చాలు. మనిషి ఫ్రేములోకి రాకముందు మూడు సెకన్లు ఖాళీ నేల తీయండి, పోయాక ఇంకో మూడు సెకన్లు. మూకీల్లో గుర్రాలు పోయాక మిగిలే ఖాళీ నేలనూ దుమ్మునూ చూడండి, ముందు పోయినవాడికీ వెనక వచ్చేవాడికీ మధ్య ఎంత సందు ఉందో కొలిచేది ఆ ఖాళీయే. కట్ చేసుకునే వీలు కూడా దానివల్లే వస్తుంది. మనిషి ఫ్రేములో ఉండగానే రికార్డు ఆపేస్తే ఎడిటరు చేతులు కట్టేసినట్టే.

దూరాన్ని లెన్సు అబద్ధం చేస్తుంది, ఆ అబద్ధాన్ని తెలిసి వాడాలి. ఫోను మామూలు లెన్సుతో పారిపోయేవాడు దగ్గర, తరిమేవాడు వెనక ఉంటే సందు ఉన్నదానికన్నా పెద్దగా అనిపిస్తుంది. మూడు రెట్ల టెలి లెన్సుతో (దూరపు దాన్ని దగ్గరగా చూపే లెన్సు) దూరం నుంచి తీస్తే ఇద్దరూ అతుక్కున్నట్టు ఉంటారు, పైగా ఎంత ఉరికినా ముందుకు రానట్టు ఉంటుంది. మొదట మామూలు లెన్సు, పట్టుబడబోతున్నాడు అనే ఘట్టంలో టెలి. ఒకే పరుగులో ఈ రెంటినీ వెనకా ముందూ కలిపేస్తే దొంగ ఒకసారి వంద గజాల అవతల, మరుక్షణం చెయ్యి అందే దూరంలో, మళ్లీ వంద గజాల అవతల కనబడతాడు.

నేల కూడా కథ చెబుతుందని పట్టుకున్నది కౌబాయ్ సినిమాయే. థామస్ ఇన్స్ అనే నిర్మాత కాలిఫోర్నియాలో శాంటా ఇనెజ్ కాన్యన్ అనే లోయలో ఇన్స్‌విల్ అనే పెద్ద ఆవరణ నడిపాడు. కొండలు, గుర్రాలు, గుడారాలు అన్నీ అక్కడే. ఏ సీను ఎక్కడ, ఎవరు, ఏ బట్టలు, ఏ వస్తువులు అని ముందే కాగితం మీద నంబర్లతో రాసి, కథ వరసలో కాకుండా చోటు వరసలో తీసేవాడు. మనకు అది ఇప్పుడు మామూలు సంగతి. కానీ చోటు వరసలో తీసేటప్పుడు ప్రతి సీను పక్కన దుమ్ము, చెమట, చెప్పులు అనే మూడు గడులు కూడా గీసుకోవాలి. ఛేజ్ మధ్యలో ఒక చెప్పు జారిపోయిందని తీసి, మొదటి సీను మరునాడు తీస్తే చెప్పుల సంగతి ఎవరికీ గుర్తుండదు.

మన మడికొండ మెట్టుగుట్ట బండలు, కరీంనగర్ దారిలో చెలకల మధ్య లేచే బోడగుట్టలు, తాటివనాలు ఆ పాత సినిమాల కొండలకు ఏమాత్రం తీసిపోవు. అందులో మనిషిని ఎంత చిన్నగా చూపించాలన్నదానికి ఒక లెక్క ఉంది. ఫోను మామూలు లెన్సు అడ్డంగా పట్టుకుంటే, సగటు ఎత్తు మనిషి సుమారు 22 మీటర్ల దూరంలో ఫ్రేము ఎత్తులో పదో వంతు ఉంటాడు, 45 మీటర్ల దూరంలో ఇరవయ్యో వంతు. థియేటరులో ఇరవయ్యో వంతు మనిషి కనబడతాడు, ఫోను తెర మీద బండకూ అతనికీ తేడా తెలియదు. తెల్ల చొక్కా వేయండి, లేదా కదలించండి. మనిషి గుట్ట అంచు మీద ఆకాశం ముందు ఉంటే ఇంకా చిన్నగా ఉన్నా దొరుకుతాడు. మూకీ వాళ్లు గుర్రాల బారును కొండ శిఖరం మీద నడిపించింది అందుకే.

అప్పటి ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకు ఎరుపు కనబడదు, నీలం మాత్రం ఎక్కువగా కనబడుతుంది. నీలాకాశం తెల్లటి కాగితంలా వచ్చేది, ఎర్రమన్ను నల్లగా వచ్చేది. ఆకాశంలో చూడ్డానికి ఏమీ లేకపోవడంతో కన్ను నేల మీదికీ ఆకారాల అంచుల మీదికీ పోయేది. ఆ రూపం కావాలంటే ఎడిటింగులో బొమ్మను నలుపు తెలుపు చేసి, ఎరుపు ఛానెల్ బాగా తగ్గించి, నీలం పెంచండి. మొహాలు కూడా నల్లబడతాయి, అది ఫిల్టరు తప్పు కాదు, ఆ ఫిల్ము గుణమే అంత. నటులు అందుకే పాలిపోయినట్టు పౌడరు దట్టించేవాళ్లు.

రంగుల్లో తీసేవాళ్లకు మన ఎండే పెద్ద సమస్య. ఫోను లెన్సు రంధ్రం సాధారణంగా మారదు. చాలా ఫోన్లలో ఎఫ్ 1.8 దగ్గర ఉంటుంది. ఐఎస్ఓ (వెలుగును పట్టే తీక్షణత) 50 పెట్టి, నడి ఎండలో షట్టరు (ఒక్కో ఫ్రేము మీద వెలుగు పడే సమయం) సెకనులో 1/50 దగ్గర నిలపాలంటే ఆరు స్టాపుల (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది) పైచిలుకు వెలుగు ఆపాలి, అంటే లెన్సు ముందు పెట్టే నల్లటద్దం, ఎన్‌డీ 64 ఫిల్టరు. అది లేకపోతే ఫోను తనంత తాను షట్టరును సెకనులో కొన్ని వేలో వంతుకు తగ్గిస్తుంది, పరుగు టకటకా తెగినట్టు వస్తుంది. ఎక్స్‌పోజరు (ఫోను తీసుకునే వెలుతురు మోతాదు) లాక్ చేయడం మరిచిపోతే తెల్ల చొక్కా ఫ్రేములోకి వచ్చినప్పుడల్లా గుట్ట మొత్తం నల్లబడి మళ్లీ తెల్లబడుతుంది. వేసవిలో పొద్దున ఎనిమిదిన్నర లోపల, సాయంత్రం నాలుగున్నర తర్వాత తీస్తే బండల మీద నీడలు పొడుగ్గా పడి గుట్టకు ఆకారం వస్తుంది.

వేగం గురించి. అప్పటి కెమెరామన్ చేత్తో సెకనుకు రెండు చుట్లు తిప్పేవాడు, చుట్టుకు ఎనిమిది ఫ్రేములు. ఉరుకులాట దగ్గర చెయ్యి కొంచెం నిదానం చేస్తే ఫ్రేములు తగ్గి, తెర మీద గుర్రం వేగం పెరిగేది. ఇప్పుడు 24 ఫ్రేముల్లో తీసి ఎడిటింగులో 108 నుంచి 115 శాతం పెంచితే ఎవరూ పట్టుకోలేరు. 120 దాటితే ముందుగా బయటపెట్టేవి దుమ్ము, నీళ్లు, వదులు బట్టలు. మనిషి వేగంగా ఉరికాడని నమ్ముతాం, దుమ్ము వేగంగా కిందికి దిగిందంటే నమ్మం.

గుర్రాల సినిమాల్లో మొహానికి విలువ తెచ్చినాయన విలియం ఎస్. హార్ట్. 1916లో వచ్చిన ‘హెల్స్ హింజెస్’ చూడండి. కొత్తగా వచ్చిన పాస్టరును ఊళ్లోంచి తరిమేయడానికి దిగిన మొండివాడు ఆ పాస్టరు చెల్లెలి మొహం చూసి ఆగిపోతాడు. హార్ట్ కనుబొమ్మలు ఎగరేయడు, ఛాతీ మీద చెయ్యి వేసుకోడు. కదలకుండా చూస్తాడు. చుట్టూ అందరూ చేతులు ఊపుతున్న కాలంలో ఆ నిలకడే కళ్లను లాగింది. దుమ్ముపట్టిన అసలైన బట్టల కోసం కూడా ఆయన పట్టుబట్టాడు. మంచి మనసున్న చెడ్డవాడు అనే పాత్ర కథల్లో బలంగా నాటుకున్నది హార్ట్ మూలంగానే, మన రౌడీ హీరోల పూర్వీకుణ్ని వెతికితే ఆయన దగ్గరికే పోతాం. జపాన్‌లో చిన్నప్పుడు హార్ట్ సినిమాలు చూసి పెరిగానని దర్శకుడు కురొసావా తన ఆత్మకథలో రాసుకున్నాడు.

జాన్ ఫోర్డ్ 1917లో తీసిన ‘స్ట్రెయిట్ షూటింగ్’లో హ్యారీ కేరీ ఒక చేత్తో రెండో చేతి మోచేతి దగ్గర పట్టుకుని నిలబడే తీరు ఉంది. 39 ఏళ్ల తర్వాత, 1956లో, ‘ది సెర్చర్స్’ చివరి షాటులో గుమ్మం బయట జాన్ వెయిన్ అట్లాగే చెయ్యి పట్టుకుని నిలబడి, తిరిగి వెళ్లిపోతాడు. అప్పటికి చనిపోయిన కేరీకి అది నమస్కారం. కేరీ భార్య ఆలివ్ కూడా ఆ సినిమాలో నటించింది. గుమ్మంలోంచి బయటి నేలను చూపించడం కూడా ఫోర్డ్‌కు మూకీల నాటి అలవాటే. లోపల చీకటి, మధ్యలో వెలుగు, ఆ వెలుగులో మనిషి. మన పాత పెంకుటిళ్లకు ఈ షాటు బాగా నప్పుతుంది. ఎక్స్‌పోజరు బయటి వెలుగుకు లాక్ చేయాలి. లోపలి గోడ కనబడాలని ఆశపడితే బయట తెల్లగా కాలిపోతుంది, షాటే పోతుంది.

ఈ వారసత్వంలో మోయకూడని బరువు కూడా వచ్చింది. గ్రిఫిత్ 1913లో తీసిన ‘ది బ్యాటిల్ ఎట్ ఎల్డర్‌బుష్ గల్చ్’లో గుడిసెలో చిక్కుకున్న ఆడవాళ్లు, పసిబిడ్డ, దూరం నుంచి వస్తున్న సైన్యం ఇంటర్‌కట్ అద్భుతంగా ఉంటుంది. చుట్టుముట్టిన ఆదివాసులకు మాత్రం పేరు లేదు, కారణం ఉన్నా బరువు లేదు. వాళ్లు గుంపు, వాళ్లకు క్లోజప్ లేదు. క్లోజప్ ఎవరికి ఇచ్చాడో వాళ్ల వైపే మనం నిలబడతాం. అదే కాలంలో జేమ్స్ యంగ్ డీర్ తీసిన ‘వైట్ ఫాన్స్ డివోషన్’ లాంటి సినిమాలు ఆదివాసులను కుటుంబాలుగా, మనుషులుగా చూపించాయి. అది 1910లో వచ్చింది. అమెరికా ఆదివాసుల్లో హో-చంక్ తెగకు చెందిన లిలియన్ సెయింట్ సిర్ ‘రెడ్ వింగ్’ పేరుతో 1914లో వచ్చిన ‘ది స్క్వా మ్యాన్’లో నాయిక పాత్ర వేసింది. దారి ఉంది, ఎక్కువమంది అందులో నడవలేదు. మన సినిమాల్లో అడవి మనుషులంటే ఈకలు, ఈటెలు, అర్థంలేని కేకలు అన్న తీరు ఆ గుంపు షాటు నుంచి వచ్చిందే. ములుగు, ఏటూరునాగారం వైపు తీసేవాళ్లు కోయవాళ్లను వెనకాల గుంపుగా నిలబెట్టే ముందు, ఆ సీనులో వాళ్లలో ఒక్కరికైనా క్లోజప్ ఉందా అని స్క్రిప్టు చూసుకోవాలి.

తెలుగు కౌబాయ్ సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా. 1971లో కృష్ణ ‘మోసగాళ్లకు మోసగాడు’కు దారి వేసినవి ఇటలీ నుంచి వచ్చిన సెర్జియో లియోనె సినిమాలు. ఆ లియోనె తండ్రి విన్‌చెంజో లియోనె, రొబెర్తో రొబెర్తి అనే పేరుతో, 1913లోనే ఇటలీలో ‘లా వంపీరా ఇండియానా’ అనే మూకీ కౌబాయ్ సినిమా తీశాడు. అందులో నాయిక సెర్జియో తల్లి. మాటలు తగ్గించి కళ్లు, చేతులు, ఖాళీ నేల మీద నిమిషాలు నిమిషాలు నడిపే లియోనె పద్ధతికి బీజం ఇంట్లోనే ఉంది.

సాధన చేయాలనుకునేవాళ్లకు ఒక పని. రెండు నిమిషాలు, డైలాగు లేదు, 20 నుంచి 24 షాట్లు. ఒకడు ఏదో పట్టుకుని పారిపోతున్నాడు, ఒకడు తరుముతున్నాడు. ఏం పట్టుకుపోతున్నాడో చివరి క్లోజప్ దాకా చూపించొద్దు. గుర్రం అక్కర్లేదు, కాళ్లు చాలు, సైకిలైనా ఫరవాలేదు. మొదటి రెండు షాట్లలో మొత్తం చోటు కనబడాలి, ఇద్దరూ ఒకే ఫ్రేములో కనీసం రెండుసార్లు ఉండాలి, ఒకటి మొదట్లో, ఒకటి సందు తగ్గినప్పుడు. దిక్కు ఒక్కసారే మారాలి, అదీ మలుపు చూపించి. కార్డు వేయాల్సి వస్తే ఒకటి, ఎనిమిది మాటలు దాటకుండా. మాటకు ఒక సెకను చొప్పున వేసి ఇంకో సెకను కలపండి, తెలుగు మాటలు పొడుగు కాబట్టి ఇంగ్లిష్ కార్డు లెక్క ఇక్కడ కుదరదు. ఖిలా వరంగల్ శిల్పాల మధ్య తీయాలనుకుంటే అది కేంద్ర పురావస్తు శాఖ కింద ఉంది, ముందే అనుమతి తీసుకోవాలి. బయట గుట్టలకు కొదవ లేదు, అక్కడ తీయండి.

సంగీతం వేయకముందే, ఆ కథ తెలియని ఒకరికి చప్పుడు లేకుండా చూపించండి. చూశాక మూడు ప్రశ్నలు అడగండి: ఇద్దరూ ఎక్కడ బయల్దేరారు, సందు పెరిగింది ఎప్పుడు, తగ్గింది ఎప్పుడు. మొదటిది తప్పు చెబితే మొదటి దూరం షాటు చిన్నదైంది, ఇంకో మూడు సెకన్లు పెంచండి. మిగతా రెండూ తప్పు చెబితే కావలసింది చాలాసార్లు ఒకే షాటు: ముందువాడు దాటిపోయిన చోట కెమెరా కదలకుండా నిలబడి, వెనకవాడు వచ్చేదాకా తీసినది.